చలానా కోర్టులో 38 ఏళ్లు

2025 ఆగస్టు 20న ఫ్రాంక్ కాప్రియో 88 ఏళ్ల వయసులో కన్నుమూసినప్పుడు ఆ వార్త తెలుగు పత్రికల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ వచ్చింది. అమెరికాలో ఒక చిన్న నగరానికి చెందిన మున్సిపల్ కోర్టు జడ్జి పోయారని మన ఇళ్లలో ఆడవాళ్లూ పెద్దవాళ్లూ నొచ్చుకోవడం మామూలు సంగతి కాదు. తెల్లని జుట్టుతో, నల్లగౌనుతో, ఎదుటి మనిషి చెప్పేది కాస్త ముందుకు వంగి వినే ఆ పెద్దాయన వీడియోలు తెలుగు వ్యాఖ్యానంతో మన ఫోన్లలో కొన్నేళ్లుగా తిరుగుతూనే ఉన్నాయి. ప్రపంచంలోకెల్లా మంచి జడ్జి అన్న బిరుదు కూడా ఆయనకు ఆ వీడియోల వల్లనే వచ్చింది. కింది కోర్టుల్లో వకాలత్తులు వేసి పొట్టపోసుకునేవాణ్ని కాబట్టి నాకు ఆ బిరుదు మీద కంటే, ఆ బల్ల వెనుక ఆయన చేసిన పని మీదనే ఎక్కువ ఆసక్తి. అందరూ ఆయన మాఫీ చేసిన జరిమానాల గురించి చెబుతారు. మాఫీ చేయడానికి ముందు ఆయన అడిగే ప్రశ్నల్లోనే అసలు విశేషం ఉందని నా అభిప్రాయం.

ముందుగా ఆ కోర్టు ఎలాంటిదో తెలుసుకోవాలి. అమెరికాలో విస్తీర్ణం రీత్యా అన్నిటికంటే చిన్న రాష్ట్రమైన రోడ్ ఐలండ్‌కు ప్రావిడెన్స్ రాజధాని. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ నగర జనాభా రెండు లక్షలకు లోపే. అక్కడి మున్సిపల్ కోర్టులో హత్య కేసులుండవు, ఆస్తి తగాదాలుండవు. తప్పుచోట కారు నిలిపినవాళ్లు, ఎర్రలైటు దాటినవాళ్లు, బడి ఉన్న వీధిలో వేగంగా బండి నడిపినవాళ్లు, పురపాలక నిబంధనలు మీరినవాళ్లు, వీళ్లే ఆ కోర్టు కక్షిదారులు. అధికారాల లెక్క తీస్తే మన జూనియర్ సివిల్ జడ్జి, అంటే పాతకాలం వాళ్లు మున్సబు గారని పిలిచే న్యాయాధికారి, కాప్రియో కంటే ఎంతో పెద్దవాడు. మన జడ్జి ఒకే రోజున మనిషిని రిమాండుకు పంపగలడు, ఇంజంక్షన్ ఇవ్వగలడు, భరణం ఇప్పించగలడు. కాప్రియో చేతిలో ఉన్నదల్లా కొన్ని పదుల డాలర్ల నుంచి కొన్ని వందల డాలర్ల దాకా ఉండే జరిమానా, కట్టకపోతే కారు చక్రానికి పడే తాళం. అయితే చాలామంది పౌరులు జీవితంలో న్యాయస్థానం మెట్లెక్కేది ఇలాంటి కోర్టుకే కనుక, న్యాయం అంటే ఎలా ఉంటుందో వాళ్లకు తెలిసేదీ అక్కడే.

ఆయన 1936 నవంబరు 24న ప్రావిడెన్స్‌లోని ఫెడరల్ హిల్ అనే ఇటాలియన్ల పేటలో పుట్టారు. తండ్రి ఆంటోనియో ఇటలీలోని తియానో నుంచి వలస వచ్చి మొదట బండి మీద పళ్లమ్మి, తరువాత ఇంటింటికీ పాలు పోసి కుటుంబాన్ని పోషించినవాడు. తల్లి ఫిలొమీనా పుట్టింటివారు నేపుల్స్ నుంచి వచ్చినవారు. ముగ్గురు మగపిల్లల్లో కాప్రియో రెండోవారు. వేడినీళ్లు రాని అద్దెయింట్లో పెరిగి, చిన్నతనంలో బూట్లు పాలిష్ చేసి, తెల్లవారుజామున తండ్రి వెంట పాలబండి మీద తిరిగిన రోజుల గురించి ఆయన తరచూ చెప్పుకునేవారు. చదువు మానితే జీవితాంతం ఈ బండి మీదే తిరగాల్సి వస్తుందని తండ్రి హెచ్చరించేవాడట. అదే తండ్రి, డబ్బు కట్టలేని ఇళ్లకు పాలు ఆపేయమని కంపెనీవాళ్లు చెప్పినప్పుడు, పిల్లలున్న ఇంటికి పాలు ఆపడం ఇష్టంలేక ఆ బాకీలు తన జేబులోంచి కట్టేవాడట. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన ఆ మనిషి, కొడుకు కోర్టుకు న్యాయశాస్త్ర గ్రంథాల కంటే పెద్ద ప్రమాణమయ్యాడు.

సెంట్రల్ హైస్కూల్లో చదివేటప్పుడు కాప్రియో కుస్తీలో రాష్ట్రస్థాయి విజేత. 1958లో ప్రావిడెన్స్ కాలేజీ నుంచి రాజనీతిశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, హోప్ హైస్కూల్లో పిల్లలకు అమెరికా ప్రభుత్వ వ్యవస్థ గురించి పాఠాలు చెబుతూ, సాయంత్రం బడి అయ్యాక దాదాపు ఎనభై కిలోమీటర్ల దూరంలోని బోస్టన్‌కు వెళ్లి సఫోక్ విశ్వవిద్యాలయపు రాత్రి తరగతుల్లో న్యాయశాస్త్రం చదివారు. లా డిగ్రీ 1965లో చేతికొచ్చింది. అప్పటికే, అంటే 1962 నుంచి 1968 దాకా, ఆయన నగర పాలక మండలి సభ్యుడు కూడా. 1970లో రాష్ట్ర అటార్నీ జనరల్ పదవికి పోటీచేసి ఓడిపోయారు. ఆ తరువాత వకీలుగా, పౌర ప్రముఖుడిగా కొనసాగి, 1985లో మున్సిపల్ కోర్టు జడ్జి అయ్యారు. 2023 జనవరిలో పదవీ విరమణ చేసేదాకా అదే నగరంలో, అదే కోర్టులో ఉన్నారు.

మన పద్ధతులు తెలిసినవారికి ఇక్కడ కాస్త ఇబ్బందిగా అనిపించక మానదు. ఎన్నికల్లో పోటీచేసిన మనిషిని, అదే ఊరి కౌన్సిలరుగా పనిచేసిన మనిషిని, ఆ ఊరి కౌన్సిలే జడ్జిగా నియమించడం ఏమిటి? జడ్జిగా ఉంటూనే వకీలు వృత్తి సాగించడం, సముద్రతీరాన ఉన్న ఒక ప్రసిద్ధ రెస్టారెంటులో భాగస్వామిగా ఉండడం ఏమిటి? మున్సిపల్ జడ్జి పదవి అక్కడ పూర్తికాలపు ఉద్యోగం కాదు కనుక అది వాళ్ల చట్టానికి విరుద్ధం కాదు. మన దగ్గరైతే ఇందులో ఒక్కటి చాలు, ఫిర్యాదు హైకోర్టు విజిలెన్స్‌కు చేరడానికి. మన న్యాయాధికారిని సాధారణంగా సొంత ప్రాంతంలో నియమించరు; ఇంచుమించు మూడేళ్లకొకసారి బదిలీ చేస్తారు; ఊళ్లో పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఆయన ఆచితూచి వెళతాడు. ఆ దూరానికి కారణం ఉంది. మండల కేంద్రంలో ఎవరి మామగారు ఎవరికి వియ్యంకుడో అందరికీ తెలిసే చోట, జడ్జి నలుగురితో కలిసి తిరిగితే తీర్పు మీద నమ్మకం పోతుంది. ఈ జాగ్రత్త తప్పని నేను అనను. కాకపోతే దానికి మనం చెల్లించే మూల్యం ఒకటుంది. జడ్జికి ఊరు తెలిసే వేళకు బదిలీ ఉత్తర్వు వస్తుంది. ఏ వీధిలో బస్సు ఎన్నింటికి వస్తుందో, ఏ మిల్లు మూతపడి ఎంతమంది రోడ్డున పడ్డారో, ఏ ఆసుపత్రి ముందు బండి నిలిపే జాగా లేక జనం చలానాల పాలవుతున్నారో తెలియడానికి కొన్నేళ్లు పడుతుంది. కాప్రియోకు అవన్నీ పుట్టుకతోనే తెలుసు.

జడ్జిగా ఆయన తొలిరోజుల సంగతి ఒకటి ఉంది. దాన్ని ఆయనే అనేక సభల్లో చెప్పారు. కొడుకు జడ్జి కుర్చీలో కూర్చోవడం చూడాలని తండ్రి కోర్టుకు వచ్చి వెనుక కూర్చున్నాడు. ఒక స్త్రీ ముందుకు వచ్చింది. ఆమె మీద వందల డాలర్ల పార్కింగ్ జరిమానాలు పేరుకుని ఉన్నాయి. ఆమె మాటతీరు దురుసుగా ఉంది, తగ్గి మాట్లాడే రకంలా కనబడలేదు. కొత్త జడ్జి ఊరుకోలేదు. మొత్తం కట్టి తీరాలనీ, లేకపోతే కారు స్వాధీనం చేసుకుంటారనీ చెప్పి పంపేశాడు. కోర్టు అయ్యాక తండ్రి మెచ్చుకుంటాడనుకుంటే, నువ్వు చేసింది తప్పని ఆయన మొహం మీదే చెప్పాడు. ఆవిడది పొగరు కాదు, భయం. ఆమెకు పిల్లలున్నారు, ఆ డబ్బు కడితే ఇంట్లో తిండికి ఏముంటుందో నువ్వు అడిగావా, ఆమెతో మాట్లాడావా అన్నది తండ్రి ప్రశ్న. ఆ తరువాత ఏనాడూ అలా చేయలేదని కాప్రియో చెప్పుకున్నారు.

ఈ కథలో నాకు ముఖ్యంగా కనబడేది దయ కాదు. కోర్టులో దురుసుగా మాట్లాడే కక్షిదారును మేము రోజూ చూస్తాం. పేరు పిలవగానే గబగబా వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అడగని దానికి జవాబు చెప్పి, అడిగినదానికి నీళ్లు నమిలి, చివరకు గొంతు పెంచే మనిషిని బంట్రోతు గద్దిస్తాడు, మేమూ చిన్నగా కసురుతాం. అది పొగరని అందరం అనుకుంటాం. దాని అడుగున భయం ఉండవచ్చునని పాలు పోసుకుని బతికిన మనిషి కనిపెట్టాడు, లా చదివిన కొడుకు కనిపెట్టలేకపోయాడు. పేదవాడు ప్రభుత్వ కార్యాలయంలో ఎలా ప్రవర్తిస్తాడో తెలిసినవాడు కనుక తండ్రికి అది వెంటనే అర్థమైంది.

విచారణ జరిపే తీరు చూస్తే ఆ పాఠం కాప్రియోకు ఎలా ఒంటపట్టిందో తెలుస్తుంది. మొదట కాగితం చదువుతారు. తప్పు ఏమిటో, ఎక్కడో, ఎన్ని గంటలకో పైకి చదువుతారు. ఒక కేసులో ఉదయం 10 గంటల వరకు పార్కింగ్ నిషేధం ఉన్న చోట ఒకామె బండి నిలిపింది. టికెట్టు మీద ఉన్న సమయం 9 గంటల 59 నిమిషాల 58 సెకన్లు. రెండు సెకన్ల ముందు నిలిపినందుకు జరిమానా వేశారన్నమాట. ఆయన ఆ అంకెలను చదివి, పక్కనున్న పోలీసు అధికారి వైపు చూసి, నవ్వు ఆపుకోలేక కేసు కొట్టేశారు. చూసేవాళ్లకు అది హాస్యం. నాకైతే అది రికార్డు చదివే జడ్జి లక్షణం. పెట్టీ కేసుల్లో చార్జిషీటు మీది సమయం ఎవరు చూస్తారు?

తరువాత మనిషిని చూస్తారు. ఎక్కువమంది చూసిన వీడియోల్లో 96 ఏళ్ల వృద్ధుడి కేసు ఒకటి. బడి ఉన్న వీధిలో పరిమితి దాటిన వేగంతో కారు నడిపాడన్నది ఆరోపణ. ఆ పెద్దాయన, తాను వేగంగా నడపననీ, అవసరమైతేనే బండి తీస్తాననీ, ఆ రోజు కొడుకును రక్తపరీక్షకు తీసుకువెళుతున్నాననీ చెప్పాడు. కొడుకు వయసెంతని జడ్జి అడిగారు. 63 అని జవాబు వచ్చింది. కొడుక్కి క్యాన్సర్. రెండువారాలకొకసారి పరీక్ష చేయించాలి. 96 ఏళ్ల తండ్రి 63 ఏళ్ల కొడుకును కారులో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తిప్పుతున్నాడన్న సంగతి చలానా కాగితం మీద ఎక్కడా లేదు. అది బయటికి రావడానికి కావలసింది ఒక చిన్న ప్రశ్న, దానికి జవాబు వచ్చేదాకా ఆగే ఓపిక. ఆయన కేసు కొట్టేసి, నువ్వు మంచి మనిషివని ఆ వృద్ధుడితో అన్నారు.

ఇంకొక కేసులో, కొడుకును హత్యలో పోగొట్టుకున్న ఒక తల్లి సుమారు 400 డాలర్ల జరిమానాలతో వచ్చింది. కొడుకు పోయిన ఏడాది ఎలా గడిచిందో చెబుతూ ఏడ్చింది. ఆయన ఆ మొత్తాన్ని 50 డాలర్లకు తగ్గించారు. ఆమె ఒప్పుకుంది. కానీ అది కట్టాక తన చేతిలో ఐదు డాలర్లే మిగులుతాయని ఆమె మాటల్లో తేలింది. అప్పుడు ఆయన ఆ 50 కూడా రద్దు చేశారు. ఈ కేసును నేను ఒకటికి రెండుసార్లు చూశాను. తగ్గించడంతోనే ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. తాను అప్పటికే ఇచ్చిన ఉత్తర్వు ఆ మనిషి మీద ఎలా పడుతుందో ఆఖరిసారి చూసుకుని, సరిపోదనిపించి మార్చుకోవడం బెంచి మీద కూర్చునేవారికి అంత తేలికగా రాదు.

అయితే వకీలు బుర్ర ఇక్కడ ఊరుకోదు. కన్నీళ్లు పెట్టుకున్నవారికి మాఫీ, మాట రానివారికి జరిమానా అయితే అది న్యాయమవుతుందా? కథ చెప్పడం చేతనైనవాడు గట్టెక్కి, సిగ్గరి మునిగిపోతే ఎలా? జడ్జి విచక్షణ అనేది రెండంచుల కత్తి అని మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. విచక్షణ ఉన్న చోటే సిఫారసు పుడుతుంది. దీనికి కాప్రియో కోర్టులో నాకు రెండు సమాధానాలు కనబడ్డాయి. మొదటిది, జరిగేదంతా నిండు కోర్టులో, పోలీసు అధికారి సమక్షంలో, కారణం పైకి చెప్పి జరిగేది. ఎందుకు కొట్టేస్తున్నారో వెనుక బెంచీల్లో ఉన్నవారందరూ వినేవారు. రెండోది, ఆయన అందరినీ వదిలేయలేదు. స్తోమత ఉండీ నిర్లక్ష్యంగా నడిపినవాళ్లు జరిమానా కట్టి వెళ్లారు. కట్టలేనివాళ్లకు వాయిదాలు ఇచ్చారు. వీడియోల్లో మనకు వచ్చేది ఏరి కూర్చిన కేసులే కనుక ఆ రెండో రకం మన ఫోన్లకు పెద్దగా చేరలేదు. ఇంత చెప్పినా మాట రాని మనిషి సంగతి మాత్రం పూర్తిగా తేలలేదనే అంటాను. అలాంటివారితో ఆయన పిల్లల గురించో, పుట్టిన దేశం గురించో, చేసే పని గురించో మాటలు కలిపేవారు. అది ఆయన స్వభావానికి అబ్బిన విద్య. ఆయన కుర్చీలోకి వచ్చే తరువాతి మనిషికి కూడా అది అబ్బుతుందన్న హామీ లేదు.

వీడియోల గురించి నాకు ఇంకో సంకోచం ఉంది. వాటి వెనుక ఉన్నది ఆయన తమ్ముడు జో. అన్న కోర్టు బాగుంటుందని గమనించి, మొదట్లో స్థానిక కేబుల్ చానల్ కోసం చిత్రీకరించాడు. తరువాత ఏబీసీ అనే అమెరికా టీవీ నెట్‌వర్క్‌కు ఆ నగరంలో ఉన్న స్టేషన్ ప్రసారం చేసింది. 2017లో ఇంటర్నెట్‌లో ముక్కలు ముక్కలుగా పాకి, 2018లో అమెరికా అంతటా టీవీ కార్యక్రమంగా మారి, అక్కడి టీవీ కార్యక్రమాలకిచ్చే డేటైమ్ ఎమ్మీ అవార్డుల నామినేషన్ల దాకా వెళ్లింది. అంటే 1985లో కుర్చీ ఎక్కిన మనిషి పేరు ప్రపంచానికి తెలిసింది ముప్పై ఏళ్లు దాటాక, ఆయనకు ఎనభై ఏళ్లు నిండిన తరువాత. అంతకు ముందు దశాబ్దాలపాటు ఆ ఊరివాళ్లకు తప్ప ఎవరికీ తెలియకుండా అదే పని చేశారన్నది ఆయన పట్ల నా గౌరవానికి ఒక ముఖ్య కారణం. కానీ తన పిల్లవాడి చావు గురించి చెప్పుకుని ఏడ్చిన తల్లి ముఖం కోట్లమంది ఫోన్లలో తిరగడం అవసరమా? తండ్రి తప్పు చేశాడా లేదా అని ఐదేళ్ల పిల్లవాణ్ని జడ్జి పక్కన నిలబెట్టి అడిగితే, తప్పు చేశాడని వాడు టక్కున చెప్పడం ముచ్చటగానే ఉంటుంది. ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఏమనుకుంటాడో మరి. 2018లో స్వప్నిల్ త్రిపాఠి కేసులో మన సుప్రీంకోర్టు ప్రత్యక్ష ప్రసారాలకు దారి తెరుస్తూ సున్నితమైన కేసులకు మినహాయింపులు ఉండాలని చెప్పింది. మన కింది కోర్టుల్లో సాక్షుల బోనుకు కెమెరా ఇంకా దూరంగానే ఉంది. అది అలాగే ఉంటే మంచిదని నేననుకుంటాను, కాప్రియో కోర్టును ఇష్టంగా చూసినవాణ్నై ఉండి కూడా.

ఆ కెమెరా వల్ల నిస్సందేహంగా జరిగిన మేలు ఒకటుంది. వీడియోలు చూసినవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి ఆయనకు ఉత్తరాలు రాసి, లోపల నోట్లు పెట్టి పంపడం మొదలుపెట్టారు. ఐదు డాలర్లు, పది డాలర్లు, ఒక్కోసారి పిల్లలు దాచుకున్న చిల్లర. మా తరఫున ఎవరైనా కట్టలేని మనిషికి ఇది వాడండని రాసేవారు. ఆ డబ్బును తల్లి పేరుతో ఫిలొమీనా నిధిగా ఏర్పాటు చేశారు. కోర్టులో ఒక కేసు ముగిసేటప్పుడు, ఎవరి ఉత్తరమో తీసి పైకి చదివి, నీ జరిమానా ఫలానా ఊరివాళ్లు కట్టారని చెప్పి పంపేవారు. దీని వెనుక ఒక లోతైన ఏర్పాటు ఉంది. నగరానికి రావలసిన సొమ్ము నగరానికి వచ్చింది. తప్పు జరిగిందన్న నిర్ధారణ అలాగే ఉంది. కానీ కట్టలేనివాడి మీద ఆ భారం పడలేదు. మాఫీ చేస్తే చట్టం పలచబడుతుందని వాదించేవారికి కూడా ఇందులో అభ్యంతరపెట్టే చోటు దొరకదు. మన చట్టం ప్రకారం జడ్జి ఇలాంటి నిధిని తన పేరున నడపడం కుదరదు. చందా ఇచ్చినవాడు రేపు కక్షిదారు కావచ్చు. అక్కడ ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎక్కడో సముద్రాల అవతల ఉన్న అపరిచితులు కనుక ఆ ప్రశ్న అంతగా రాలేదు.

కోర్టు బయట ఆయన చేసిన పనుల్లో చదువుకు సంబంధించినవే ఎక్కువ. రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయం, రోడ్ ఐలండ్ కాలేజీ, కమ్యూనిటీ కాలేజీల పాలన చూసే రాష్ట్ర ఉన్నత విద్యామండలికి అధ్యక్షత వహించారు. తాను రాత్రిపూట చదువుకున్న సఫోక్ లా స్కూల్లో తండ్రి పేరున ఉపకార వేతనం పెట్టారు. రోడ్ ఐలండ్‌లోని పేద పేటలకు న్యాయ సహాయం చేరువ చేయాలనుకునే విద్యార్థుల కోసం అది. ఐదో తరగతితో ఆగిపోయిన మనిషి పేరు ఒక లా స్కూలు ఉపకార వేతనానికి ఉండడం చూసి నాకు ముచ్చటేసింది. సైన్యపు రిజర్వు దళమైన నేషనల్ గార్డులో పనిచేయడం, స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) పునరుద్ధరణకు తమ రాష్ట్రంలో విరాళాలు సేకరించిన సంఘానికి సహాధ్యక్షుడిగా ఉండడం వంటివి జీవిత చరిత్రల్లో ఉంటాయి, ఇక్కడ విస్తరించను. పదవి దిగిన ఏడాదే, 2023 చివర్లో, క్లోమ గ్రంథి క్యాన్సర్ ఉందని తేలింది. ఆ సంగతి తానే బహిరంగంగా చెప్పి, తన కోసం ప్రార్థించమని అడిగారు. చనిపోవడానికి ముందురోజు కూడా ఆసుపత్రి పడక మీది నుంచి అదే కోరుతూ చిన్న వీడియో పెట్టారు.

ఇప్పుడు మన కోర్టుకు వస్తాను. పెట్టీ కేసులు పిలిచే రోజున ఉదయం పదిన్నరకు హాలు బయట వరండా నిండి ఉంటుంది. కోర్టు కానిస్టేబుల్ చేతిలో కట్ట, దాని మీద ఎస్‌టీసీ నంబర్లు, అంటే సంక్షిప్త విచారణ కేసుల నంబర్లు. పేకాట, తాగి గొడవ, బహిరంగ ప్రదేశంలో మద్యం, హెల్మెట్ లేకపోవడం, లైసెన్సు లేకపోవడం. బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు. మనిషి లోపలికి వచ్చి నిలబడతాడు. నేరం ఒప్పుకుంటున్నావా అని ప్రశ్న. ఒప్పుకుంటున్నానండి అని జవాబు. ఫైను ఎంతో చెబుతారు. అతను పక్కకు జరిగి, డబ్బు కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, కూలి పోయిన పూటను లెక్కేసుకుంటూ బస్టాండుకు నడుస్తాడు. మొత్తం నిమిషం పట్టదు. జడ్జిని తప్పు పట్టి లాభం లేదు. ఆ కట్ట అయ్యాక ఆయన ముందు సాక్షుల విచారణలు, మధ్యంతర పిటిషన్లు, వాదనలు, సాయంత్రం పోలీసులు తీసుకువచ్చే రిమాండు ముద్దాయి ఉన్నారు. కాప్రియో ముందు ఆ రోజుకి చలానాలే ఉన్నాయి. ఆయన ఓపికను మెచ్చుకునేటప్పుడు ఆయనకున్న తీరికను కూడా గుర్తుపెట్టుకోవాలి.

పైగా మన చలానాలు చాలావరకు జడ్జి ముఖమే చూడవు. కెమెరా ఫోటో తీస్తుంది, ఫోన్‌కు సందేశం వస్తుంది, మీసేవలోనో ఫోన్‌లోనో కట్టేస్తాం, కాకపోతే కట్టకుండా పేరుకోనిస్తాం. అలా పేరుకున్నప్పుడు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. 2022 మార్చిలో తెలంగాణలో ద్విచక్ర వాహనాలవారు బకాయి చలానాలో నాలుగో వంతు కడితే చాలన్నారు, కార్లవారు సగం కడితే చాలన్నారు. 2023 డిసెంబరులో మళ్లీ ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం, తోపుడు బళ్లకూ ఆర్టీసీ బస్సులకూ 90 శాతం తగ్గించారు. జనం బారులు తీరి కట్టారు. సొమ్ము వచ్చింది, ఫైళ్లు మూతపడ్డాయి. కానీ తల్లిని డయాలసిస్‌కు తీసుకువెళుతూ ఎర్రలైటు దాటినవాడికీ, సరదాకు మూడు బళ్లతో పందెం వేసినవాడికీ ఒకే 80 శాతం. ప్రావిడెన్స్‌లో ఒక మనిషి ఒక్కొక్కరినీ అడిగి తీసుకున్న నిర్ణయాన్ని ఇక్కడ ఒక సర్క్యులరు ఎవరినీ అడగకుండా తీసుకుంది. పండుగ డిస్కౌంటు చూసిన జనం మూడోదాని కోసం ఎదురుచూస్తూ కట్టడం మానేస్తారన్నది ఎవరికైనా తెలిసిన సంగతే.

మన జడ్జీలు సమాజసేవ చేయరని కాదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం జిల్లా జడ్జి జిల్లా సంస్థకు అధ్యక్షుడు. మండల స్థాయి సంఘానికి అక్కడి న్యాయాధికారి అధ్యక్షుడు. శనివారాల్లో పల్లెల్లో న్యాయ విజ్ఞాన సదస్సులు, జైళ్ల సందర్శన, బాలసదనాల తనిఖీ, లోక్ అదాలత్, ఇవన్నీ ఆయన మామూలు పనికి అదనం. స్త్రీలకూ, పిల్లలకూ, ఎస్సీ ఎస్టీలకూ, వికలాంగులకూ, నిర్బంధంలో ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. ఈ సంగతి కక్షిదారుకు చెప్పే జడ్జిని నేను చూశాను, బెంచి మీది నుంచే, వాయిదా వేసేముందు రెండు నిమిషాలు ఆగి. ఆయన పేరు ఏ పత్రికలోనూ రాలేదు. బదిలీ అయి వెళ్లిన రోజున బార్ అసోసియేషన్ వాళ్లు ఒక శాలువా కప్పారు, అంతే.

కాప్రియోలా వినాలనుకునే మన జడ్జికి చట్టం అడ్డుపడుతుందా అంటే, అడ్డుపడదు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం మూడో సెక్షన్ కింద, రెండేళ్లకు మించని జైలుశిక్ష గానీ జరిమానా గానీ పడే నేరంలో, అంతకు ముందు శిక్షపడని మనిషిని మందలించి వదిలేయవచ్చు. నేరం చేసిన పరిస్థితులనూ, మనిషి నడవడికనూ చూడమని ఆ సెక్షనే చెబుతోంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజసేవను ఒక శిక్షగా గుర్తించింది. మొదటిసారిగా ఐదువేల రూపాయల లోపు విలువ గల వస్తువు దొంగిలించి తిరిగి ఇచ్చేసిన మనిషికి జైలుకు బదులు దాన్నే వేయాలి. తాగి వాహనం నడిపినవాళ్లను కూడలిలో ప్లకార్డు పట్టుకుని నిలబడమన్న ఉత్తర్వులు ఈమధ్య పత్రికల్లో వస్తున్నాయి. అవమానించడం నాకు అంతగా నచ్చదు కానీ, ఆసుపత్రిలోనో బడిలోనో పని అప్పగిస్తే ఆ ఉత్తర్వుకు అర్థం ఉంటుంది.

వీటన్నిటికంటే నాకు ఆసక్తి కలిగించేది కొత్త నాగరిక్ సురక్షా సంహిత 402వ సెక్షన్. పాత నేర విచారణ స్మృతిలో అది 361. ప్రొబేషన్ చట్టం కిందనో, సత్ప్రవర్తన షరతు మీదనో వదిలే వీలున్న ముద్దాయిని వదలకుండా శిక్ష వేస్తే, ఎందుకు వదలలేదో జడ్జి తీర్పులో ప్రత్యేక కారణాలు రాయాలని అది ఆదేశిస్తోంది. వదిలితే కారణం చెప్పమనడం మామూలు; వదలకపోతే కారణం చెప్పమంటోంది ఈ సెక్షన్. ఆ కారణం నిజంగా రాయాలంటే ముందు ముద్దాయిని ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం పని చేస్తావు, ఆ రోజు ఏం జరిగిందని అడగాలి. శిక్ష విషయమై విన్నాను, ముద్దాయి కనికరించమన్నాడు, కనికరించదగిన కారణాలు లేవు అన్న మూడు ముక్కల పేరా మా కోర్టు తీర్పుల్లో ఏళ్ల తరబడి అదే మాటలతో వస్తోంది. వచ్చే నెల మా బార్ అసోసియేషన్‌లో యువ న్యాయవాదులకు నేను చెప్పబోయే తరగతిలో ఆ పేరాతోనే మొదలుపెడతాను, ఆ తరువాత 96 ఏళ్ల పెద్దాయన వీడియో చూపిస్తాను.